నలుగురూ అంటే ఎవరెవరో ముందు పేర్లు రాయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 27. నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ ఇబ్బందేమీ లేదు, కానీ మనసు లేదు. రెండేళ్లుగా సెలవు రోజుల్లో ఒక వడ్రంగి దగ్గర చెక్కపని నేర్చుకుంటున్నారు, దాన్నే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. ఇంట్లోవాళ్లు "ఇంత చదివి రంపం పట్టుకుంటావా, నలుగురూ ఏమనుకుంటారు" అంటున్నారు. రాజీనామా ఉత్తరం రాసి పెట్టుకున్నారు, పంపడానికి చెయ్యి రావడం లేదు. సమాజానికి తలొగ్గకుండా నా దారి నేను ఎంచుకోవడం ఎలా, ఆ ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. చెక్కపని వైపే వెళ్లండి. ఆ ఉత్తరం మాత్రం ఇప్పుడే పంపకండి. మీకు తక్కువైంది ధైర్యం కాదు, సమాచారం. ఈ రెండేళ్లలో మీకు చెక్క గురించి తెలిసింది. చెక్కపనితో బతకడం ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. తెలియని చోట కాలు ఆగితే దాన్ని పిరికితనం అనుకోనక్కర్లేదు.

నేనెవరినో కూడా చెప్పాలి కదా. చదువో ఉద్యోగమో మార్చుకోవాలనుకునేవాళ్లతో కూర్చుని మాట్లాడటమే పద్దెనిమిదేళ్లుగా నా పని. అంతకుముందు తొమ్మిదేళ్లు ఆడిట్ ఉద్యోగం చేసి వదిలేసినవాణ్ణి. వదిలినందుకు బాధ లేదు. వదిలిన తీరు మాత్రం బాగాలేదు. ఆ కథ కిందికి వచ్చాక చెప్తాను.

ముందు ఈ "నలుగురూ" సంగతి చూద్దాం. నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే ఈ మాట వాడతారు. అప్పుడు ఒక తెల్ల కాగితం, పెన్ను ముందు పెట్టి ఆ నలుగురి పేర్లూ రాయమంటాను. మొదటి పేరు చకచకా పడుతుంది. అమ్మో నాన్నో. రెండోది కాస్త ఆలోచించాక వస్తుంది. మూడో దగ్గర "పెద్దమ్మ వాళ్లు" అని రాస్తారు. "వాళ్లు" కుదరదండీ, ఒక మనిషి పేరు రాయండి అంటాను. నాలుగో దగ్గర పెన్ను క్యాప్ తీయడం, పెట్టడం, తీయడం. ఒకాయన అక్కడ "అపార్ట్‌మెంట్" అని రాశాడు. ఒకావిడ పదకొండేళ్లుగా మాట కూడా లేని క్లాస్‌మేట్ పేరు రాసి, కాసేపు దాన్నే చూసి, తనకు తానే నవ్వుకుంది.

ఈ పని మీరూ చేయండి. కాగితం మీద "సమాజం" ఇద్దరు ముగ్గురు మనుషులుగా మారిపోతుంది. సమాజంతో పోట్లాడటం ఎవరివల్లా కాదు. ముగ్గురితో మాట్లాడటం కష్టమే గానీ అయ్యే పని.

అలాగని సమాజం అన్నది ఉత్త భ్రమ అని నేననను. అలా చెప్పేవాళ్లు నాకు నచ్చరు. అప్పు ఇచ్చేవాడు జీతం స్లిప్పు అడుగుతాడు. ఇల్లు అద్దెకిచ్చేవాడు ఏం చేస్తుంటారని అడుగుతాడు. పెళ్లి సంబంధం దగ్గర వృత్తి పేరు చూసే వెనక్కి తగ్గేవాళ్లుంటారు. అవి నిజమైన ఖర్చులు. లెక్కలో వేసుకోవాలి. కానీ ఖర్చు వేరు, శిక్ష వేరు. మనవాళ్లు ఖర్చుని శిక్షలా ఊహించుకుని వణికిపోతుంటారు.

2000లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకుల ప్రయోగం ఒకటి ప్రచురితమైంది. విద్యార్థులకు సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు. మీరు రంపం పట్టుకున్న వార్త కూడా ఒక వారం నడుస్తుంది. ఆ తర్వాత ఇంకెవరి వార్తో వస్తుంది.

ఇక గుంపుకి లొంగడం గురించి. 1950ల్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం వినే ఉంటారు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దానికి సమానమైన గీత ఏదో చెప్పమంటారు. చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు. కానీ ఆ గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ఆష్ మనుషులే. 18 సార్లలో 12 సార్లు వాళ్లు కూడబలుక్కుని తప్పు జవాబు చెప్తారు. పాపం ఆ ఒక్కడు ఏం చేశాడు? నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపుతో పాటు తప్పే చెప్పారు. మొత్తం జవాబుల్లో చూస్తే మూడో వంతు అలా లొంగినవి.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు, చెప్పి "చూశారా, మనుషులంతా గొర్రెల మందే" అంటారు. అసలు రెండు వంతుల జవాబులు గుంపుకు లొంగకుండా చెప్పినవే కదా! పైగా నా పనిలో నాకు అక్కరకొచ్చింది ఆ తర్వాత తేలిన సంగతి. గుంపులో ఒక్క మనిషి సరైన జవాబు చెప్పేలా ఏర్పాటు చేస్తే, లొంగడం అంతకుముందు ఉన్నదాంట్లో నాలుగో వంతుకు పడిపోయింది. జవాబు బయటికి చెప్పకుండా కాగితం మీద రాయనిచ్చినా బాగా తగ్గింది. నేను కాగితం ఇచ్చేది అందుకే. ఇంట్లో అందరినీ ఒప్పించాల్సిన పని లేదు, మీ పక్కన నిలబడే ఒక్కరిని చూసుకోండి అని చెప్పేదీ అందుకే. ఆ ఒక్కరు మీ స్నేహితుడైతే అంతగా ఉపయోగం ఉండదు. మీ నాన్నగారు గౌరవించే మనిషి అయితే సగం పని అయినట్టే.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ చార్లెస్ డార్విన్. వాళ్ల నాన్న డాక్టరు. కొడుకునీ డాక్టర్ని చేద్దామని ఎడిన్‌బరో పంపితే రెండేళ్లకే మానేసి వచ్చాడు. సరే, కనీసం చర్చిలో ఫాదర్ అన్నా అవుతాడని కేంబ్రిడ్జ్ పంపారు. అది ముగిశాక, 1831లో, 22 ఏళ్ల వయసులో, బీగిల్ అనే నౌకలో ప్రపంచం చుట్టి రమ్మని పిలుపు వచ్చింది. నాన్న వద్దన్నారు. అయితే ఒక సందు వదిలారు: "కాస్త బుద్ధి ఉన్నవాడు ఎవడైనా నిన్ను వెళ్లమంటే నేనూ ఒప్పుకుంటాను" అన్నారు. డార్విన్ రాలేనని ఉత్తరం కూడా రాసేసి, మేనమామ జొసయ్య వెడ్జ్‌వుడ్ ఇంటికి వెళ్లాడు.

అక్కడ చేసిన పనే ముఖ్యం. నాన్న చెప్పిన అభ్యంతరాలు ఒక్కొక్కటీ కాగితం మీద పెట్టాడు. మొత్తం ఎనిమిది. రేపు ఫాదర్ అవ్వాల్సినవాడికి ఇది పరువు తక్కువ. ఇక జన్మలో ఒక చోట కుదురుగా ఉండడు. ఇది మళ్లీ వృత్తి మార్చుకోవడమే. ఓడలో సౌకర్యాలు ఉండవు. వీడికంటే ముందు ఎవరెవరికో ఇచ్చి ఉంటారు, వాళ్లు వద్దన్నారంటే ఏదో లోపం ఉండే ఉంటుంది... ఇలా. మేనమామ ఒక్కో దానికీ వరుసగా జవాబు రాసి పంపించాడు. అంతటితో ఆగక తనే బయల్దేరి బావగారి ఇంటికి వెళ్లాడు. ఆయన ఒప్పుకోవడమే కాదు, ఖర్చూ పెట్టుకున్నారు. ఆ ప్రయాణం దాదాపు ఐదేళ్లు సాగింది.

ఆ ఎనిమిదింట్లో మీ ఇంట్లో వినపడనిది ఏదైనా ఉందా? "పరువు", "కుదురుండదు", "మళ్లీ మారుతున్నావా". ఓడ ఒక్కటే తేడా. ఇంకో సంగతి, "ముందు ఎవరెవరికో ఇచ్చి ఉంటారు" అన్న అభ్యంతరం మంచి ప్రశ్నే. ఆ అవకాశం నిజంగానే అంతకుముందు ఇద్దరు ఆలోచించి వదులుకున్నాక డార్విన్ దాకా వచ్చింది. వద్దన్నవాళ్లు చెప్పేవన్నీ పాతకాలపు మాటలని కొట్టిపారేయకండి. వాటిలో ఒకటో రెండో మీ పథకంలో నిజంగా ఉన్న చిల్లులై ఉంటాయి.

ఇప్పుడు నా కథ. 32వ ఏట, ఆఫీసులో పైవాడితో లెక్కల దగ్గర మాటామాటా పెరిగి, ఆ కోపంలో అదే సాయంత్రం రాజీనామా ఇచ్చాను. కౌన్సెలింగ్ వైపు రావాలన్న కోరిక అప్పటికి రెండేళ్లుగా ఉంది, నిజమే. కానీ ఆ రోజు చేసింది నిర్ణయం కాదు, పంతం. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. నాన్న "సరే" అని పెట్టేశారు. ఆ తర్వాత నెలల తరబడి నాతో పొడిపొడిగానే మాట్లాడారు. పరువు పోయిందని కోపం అనుకున్నాను, నేనూ బిగుసుకుపోయాను.

ఆడిట్ చేసినవాణ్ణి, నా సొంత లెక్క తప్పాను. నెలనెలా అయ్యే ఖర్చు వేసుకున్నాను గానీ ఏడాదికోసారి మీద పడేవి మరిచిపోయాను. బీమా ప్రీమియం, బండి రిపేరు, కోర్సు ఫీజు రెండో విడత. ఏడాది వస్తాయనుకున్న డబ్బులు ఏడో నెలకే అయిపోయాయి. ఎనిమిదో నెలలో చేబదులు అడగడానికి నాన్న దగ్గరికే వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. బీరువాలోంచి ఒక నోటుబుక్కు తీశారు. నేను మానేసిన నెల నుంచి ప్రతి నెలా కొంత పక్కన పెడుతూ వచ్చారు, తేదీలతో సహా రాసి. "నీకు ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారురా?" అన్నారు. అన్ని నెలలుగా ఆయన నోట్లో ఆగిపోయిన ప్రశ్న అదొక్కటే. నలుగురి సంగతి ఆ నోటుబుక్కులో ఎక్కడా లేదు.

అప్పటి నుంచి వచ్చినవాళ్లందరికీ ఒక మాట చెప్తుంటాను. "నలుగురూ ఏమనుకుంటారు" అన్నది చాలా ఇళ్లలో అసలు ప్రశ్న కాదు, అసలు ప్రశ్న మీద కప్పిన దుప్పటి. పెద్దవాళ్లకి "నాకు భయంగా ఉంది" అనడం అలవాటు లేదు. అందుకని నలుగురి నోటితో అనిపిస్తారు. మీరు "నలుగురితో నాకేం పని" అని ఎదురు తిరిగితే ఆ దుప్పటితోనే కుస్తీ పడుతున్నట్టు. "వాళ్ల సంగతి సరే నాన్నా, నీ భయం ఏంటి?" అని అడగండి. అందరూ ఉన్నప్పుడు వద్దు. ఒక్కొక్కరినీ విడిగా, కుదిరితే ఏదో పని చేస్తూ, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని. మొదటిసారి జవాబు రాకపోవచ్చు. వారం ఆగి మళ్లీ అడగండి. వచ్చిన జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, మీ మాటల్లోకి మార్చకండి.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. అందరూ వద్దన్నంత మాత్రాన అది మీ దారి అయిపోదు. కొన్నేళ్ల క్రితం ఒక కుర్రాడు వచ్చేవాడు. తండ్రి వ్యాపారంలోకి రమ్మంటే కాదని, సంగీతం నేర్చుకుంటానని మూడేళ్లు పోరాడాడు. చివరికి ఆయన మెత్తబడి, "సరే, వెళ్లు, ఫీజు నేనే కడతాను" అన్నారు. రెండు నెలల తర్వాత కుర్రాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "నాన్న ఒప్పుకున్నాడు సార్. ఇప్పుడు వాయించబుద్ధి కావట్లేదు." అతని మీద నాకు జాలే వేసింది. చెప్పింది చేసేవాడూ, చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం చేసేవాడూ ఇద్దరూ పక్కవాడి మొహం చూసే నడుస్తున్నారు. మిమ్మల్ని మీరు ఇలా అడగండి: రేపు పొద్దున ఇంట్లో అందరూ సంతోషంగా "వెళ్లు" అంటే, ఎల్లుండి కూడా చెక్కపని మీద ఇదే ఆశ ఉంటుందా?

అలాగే, నలుగురూ నడిచే దారిలో నడవడం ఓటమి కాదు. పదేళ్లు డాక్టరుగా చేసిన ఒకావిడ వృత్తే వదిలేస్తానని వచ్చింది. నాలుగు వారాలు ఏ రోజు ఏ గంటలో చిరాకు వచ్చిందో రాసుకురమ్మన్నాను. రాసుకొచ్చింది. చిరాకు దాదాపు అంతా నైట్ డ్యూటీల చుట్టూనే ఉంది, రోగుల దగ్గర ఒక్కటీ లేదు. విభాగం మార్చుకుంది, ఇప్పటికీ డాక్టరే. ఆవిడ కూడా తన దారి ఎంచుకున్నట్టే లెక్క. మీరూ ఆ నాలుగు వారాల లెక్క రాయండి. మీకు నచ్చనిది కోడ్ రాయడమా, మీ టీమా, రోజంతా స్క్రీన్ ముందు కూర్చోవడమా? టీమ్ అయితే ఉలి అక్కర్లేదు.

ఇక అసలు పరీక్ష. ఏ పనికైనా ఒక మొహం ఉంటుంది, ఒక వీపు ఉంటుంది. చిత్రిక పట్టినప్పుడు చెక్క పొర చుట్టలు చుట్టుకుంటూ లేవడం, ఆ వాసన, ఇదంతా మొహం. ఎవరికైనా నచ్చుతుంది. గంటల తరబడి ఎమరీ పేపరుతో రుద్దడం, ముక్కులోకి పొట్టు పోవడం, కొలత ఒకటి చెప్పి పని సగమయ్యాక ఇంకోటి అనే కస్టమరు, "చిన్న బల్లకి ఇంత డబ్బా" అనే బేరం, మిగతా డబ్బు కోసం అయిదోసారి ఫోన్ చేయడం, ఇదీ వీపు. వీపు చూశాక కూడా ఇష్టం మిగిలితే అది మీ పని. మీ గురువుగారికి ఒక వారంలో ఎన్ని గంటలు ఉలి పట్టుకోవడానికి పోతున్నాయో, ఎన్ని గంటలు బేరాలకీ తిరుగుడుకీ పోతున్నాయో కూర్చుని లెక్కేయండి. ఆయన్నే అడగండి, దాచుకోకుండా చెప్తారు.

ఇష్టమైన పని డబ్బు కోసం చేయడం మొదలుపెడితే ఇష్టం తగ్గే ప్రమాదమూ లేకపోలేదు. 1973లో చిన్నపిల్లలతో చేసిన ఒక ప్రయోగంలో, బొమ్మలేయడం అంటే ఇష్టపడే పిల్లలకు వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు బొమ్మలేయడం మిగతా పిల్లలకంటే బాగా తగ్గిపోయింది. మీకూ అలాగే జరుగుతుందని కాదు. మీరు పసిపిల్లలు కాదు, జీతం తీసుకోవడం తెలిసినవాళ్లు. కానీ ఇది ఊహించి తెలుసుకునే విషయం కాదు, చేసి చూడాల్సిందే.

అందుకే ఉత్తరం ఆపమన్నాను. అమెరికాలో సొంత పని పెట్టుకున్నవాళ్ల వివరాలతో 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఉద్యోగం చేస్తూనే సొంత పని మొదలుపెట్టి తర్వాత పూర్తిగా దానిలోకి మారినవాళ్ల పని మూతపడే ముప్పు, ఒక్కసారిగా ఉద్యోగం మానేసి దిగినవాళ్లకంటే మూడో వంతు తక్కువ. "గొప్పవాళ్లంతా తెగించి దూకారు" అనే కథలు మనకు వినపడతాయి, ఎందుకంటే దూకి కాళ్లు విరగ్గొట్టుకున్నవాణ్ణి ఎవరూ స్టేజి ఎక్కించరు. మీకు ఇప్పుడు వస్తున్న జీతమే మీ చెక్కపనికి పెట్టుబడి పెట్టే భాగస్వామి. భాగస్వామిని కోపంలో తరిమేయకండి.

డబ్బు లెక్క గురించి ఒక్క ముక్కే. గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి మొత్తం ఖర్చును పన్నెండుతో భాగించండి. నెల ఖర్చు అంటే అది, మీ తలలో ఉన్న అంకె కాదు. నేను చేయని పని అదే.

ఒక మినహాయింపు గట్టిగా చెప్పాలి. నెమ్మదిగా వెళ్లండి, ఇంట్లోవాళ్ల భయం అడగండి అని ఇంతసేపూ చెప్పినదంతా, వద్దన్నా చివరికి మన మంచి కోరేవాళ్లున్న ఇళ్లకే వర్తిస్తుంది. కొట్టడం, బెదిరించడం, బలవంతపు పెళ్లి, సంపాదనంతా లాక్కోవడం లాంటివి ఉన్నచోట ఈ కాగితాలు, మాటలు పనికిరావు. అక్కడ ముందు సురక్షితంగా బయటపడాలి, మాటలు తర్వాత. మీ ప్రశ్నలో అలాంటి ఛాయ కనపడలేదు. కానీ ఇది చదివేవాళ్లలో ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి రాస్తున్నాను. ఇంకొకటి, మీ జీతం మీదే ఎవరి మందులో చదువో నడుస్తుంటే, మీ గడువు ఇంకా పొడుగ్గా ఉండాలి. అది త్యాగం అనుకోకండి, క్యాలెండరు మార్పు అంతే.

"ఎంతకాలం ఆగాలి, ఇలా ఆగుతూనే ముసలివాణ్ణి అయిపోతానేమో" అని కింద రాశారు. నిజమే, ఆగడం అలవాటైతే అదో జబ్బు. అందుకే తేదీ పెట్టుకోండి. మీ విషయంలో పది నెలలు చాలనిపిస్తోంది. ఆ తేదీ, ఆ రోజున ఏం చూసి నిర్ణయిస్తారో ఇంట్లో ముందే చెప్పండి: ఎన్ని వస్తువులు అమ్మాలి, ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉండాలి, పని ఎవరు ఇస్తారు. చాలామంది తల్లిదండ్రులు "మానేస్తున్నాను" అన్న మాట తట్టుకోలేరు గానీ "ఫలానా తేదీన కూర్చుని చూద్దాం" అంటే వింటారు. ఆ తేదీకి అంకెలు కుదిరితే, మీ నాన్నగారు ఇంకా మొహం ముడుచుకునే ఉన్నా సరే, ఉత్తరం పంపేయండి. అందరి మొహాలూ విచ్చుకునేదాకా ఆగాల్సిన పని లేదు.

ఈ నెలలో మాత్రం ఒకే ఒక్క పని చేయండి. మీకు బొత్తిగా పరిచయం లేని ఒక మనిషికి ఒక స్టూలు చేసి, డబ్బు తీసుకుని అమ్మండి. చుట్టాలకీ స్నేహితులకీ వద్దు, వాళ్లు బాగుందనే అంటారు. వారం తర్వాత ఆ మనిషి ఫోన్ చేసి "కాలు ఊగుతోందండీ" అంటాడు. మొదటి స్టూలుకి తప్పకుండా ఊగుతుంది. ఉలి, జిగురు సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లి, వాళ్లు చూస్తుండగా నేల మీద కూర్చుని సరిచేసి రండి. తిరిగొచ్చేటప్పుడు మీకు ఎలా అనిపించిందో ఇక్కడే రాయండి. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.